ఎకాలజీ చదివితే ఏమవుతాం? వండూర్‌లో ఒక పాఠం

వండూర్ జెట్టీ దగ్గర పడవ ఎక్కే ముందు అటవీశాఖ వాళ్ళు సంచులు తెరిపించి చూస్తారు. జాలీబాయ్ దీవికి ప్లాస్టిక్ కవరు ఒక్కటి కూడా వెంట తీసుకెళ్ళకూడదు. చిప్స్ పొట్లాలు, బిస్కెట్ రేపర్లు ఒడ్డునే వదలాలి. మంచినీళ్ళ సీసా తీసుకెళ్ళాలంటే డబ్బు కట్టి, తిరిగొచ్చాక సీసా చూపించి ఆ డబ్బు వెనక్కి తీసుకోవాలి. మా బడి పిల్లల వంతు వచ్చేసరికి పావుగంట పట్టింది. అమ్మలు ఎంత శ్రద్ధగా సర్దారో సంచుల్లోంచి అంత ప్లాస్టిక్ బయటపడింది! పులిహోర కవర్లు విప్పి స్టీలు డబ్బాల్లోకి మార్చే పని మా మీద పడింది.

ఆ వరుసలో నిలబడే పన్నెండో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది. "సార్, ఈ సముద్రంలో ఏమేం ఉన్నాయో లెక్కపెట్టే ఉద్యోగం ఏదైనా ఉంటుందా? దానికి ఏం చదవాలి?"

ఆ ప్రశ్న ఊరికే అడిగింది కాదు. వాళ్ళ నాన్నగారికి వేసవిలో బదిలీ. నీట్ కోచింగ్ కోసం విజయవాడలో హాస్టల్ మాట్లాడి ఉంచారు. అడ్వాన్సు కూడా కట్టారట.

మేము వెంటనే జవాబు చెప్పలేదు. చెప్పలేకపోయాం అంటే సరిగ్గా ఉంటుంది. కొన్నేళ్ళ కిందట, ఇంకో ఊళ్ళో పనిచేసేటప్పుడు ఒక అబ్బాయి ఉండేవాడు. బడి ప్రహరీ మీద వాలే పిట్టలన్నిటికీ లెక్క రాసేవాడు. పక్షుల గురించి చదువుతానని వచ్చి చెబితే, "హాబీగా పెట్టుకో నాయనా, తిండి పెట్టే చదువేదో చూసుకో" అన్నాం. వాడు మా మాట విని ఇంజనీరింగ్‌లో చేరాడు. ఇంజనీరింగ్ చదవడంలో తప్పేం లేదు. కానీ ఆ రోజు మాకు ఆ చదువు గురించి ఒక్క ముక్క తెలియదు, తెలియకుండానే వద్దన్నాం. అది ఇప్పటికీ గుచ్చుతూ ఉంటుంది. అందుకే ఈసారి తెలుసుకుని చెప్పాలనుకున్నాం. తెలుసుకున్నంతవరకు మీ అందరికోసం ఇక్కడ రాస్తున్నాం.

ముందుగా ఎకాలజీ అంటే ఏమిటో చూద్దాం. తెలుగులో దీన్ని ఆవరణ శాస్త్రం అంటాం. పరీక్షలో "జీవులకూ వాటి పరిసరాలకూ గల సంబంధాన్ని గురించిన శాస్త్రం" అని రాస్తే మార్కులు వస్తాయి. అర్థం కావాలంటే మాత్రం శ్రీ విజయపురం నుంచి, అదే మన నోటికి ఇంకా అలవాటైన పోర్ట్ బ్లెయిర్ నుంచి, వండూర్ వచ్చే దారిలో సిప్పీఘాట్ దగ్గర బస్సు ఆపి చూడాలి. రోడ్డు పక్కన వెడల్పుగా నీళ్ళు, ఆ నీళ్ళలో మోడువారిన చెట్లు కనిపిస్తాయి. 2004 డిసెంబరు 26కు ముందు ఇక్కడ పొలాలుండేవి. ఆ రోజు వచ్చిన భూకంపానికి దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు కుంగింది. సునామీ అల వచ్చి వెనక్కి పోయింది. నేల కుంగడం వల్ల వచ్చిన సముద్రం మాత్రం పోలేదు. ప్రతి పోటుకీ ఉప్పునీళ్ళు పొలంలోకి వస్తుంటే రైతు ఏం చేస్తాడు? వరి పోయింది, కొబ్బరి ఎండింది.

ఇప్పుడు అదే చోట కొంగలు, ఉల్లంకిపిట్టలు, ఎక్కడెక్కడి నుంచో వలస వచ్చే పక్షులు మేస్తుంటాయి. పక్షుల్ని చూడటానికి కెమెరాలతో మనుషులు వస్తారు. ఇది లాభమా నష్టమా అని పిల్లలు మమ్మల్ని అడిగారు. పొలం పోగొట్టుకున్న ఇంట్లో ఈ ప్రశ్న అడిగితే ఒక జవాబు వస్తుంది, పక్షులు చూసేవాళ్ళని అడిగితే ఇంకో జవాబు. ఎకాలజీ చదివినవాళ్ళు ముందు ఏం మారిందో కొలుస్తారు. నీటిలో ఉప్పు ఎంత, ఏ మొక్క చచ్చింది, ఏది కొత్తగా మొలిచింది, ఏ పిట్ట ఏ నెలలో వచ్చింది అని ఏళ్ళ తరబడి రాసిపెడతారు. ఆ తర్వాతే అభిప్రాయం చెబుతారు. మొక్కలు నాటి ఫొటో దిగడమే పర్యావరణం అనుకునే మనకి ఇది కొంచెం ఓపిక పరీక్షే.

అదే భూకంపం ఉత్తర అండమాన్ వాయవ్య తీరంలో నేలని పైకి లేపింది. అక్కడి పగడపు దిబ్బలు నీటి బయటపడి ఎండిపోయాయి. ఒకే దీవుల వరుస, ఒకే రోజు. ఒక కొసన పొలం మునిగింది, ఇంకో కొసన పగడం ఎండింది.

వండూర్ దగ్గరున్న మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్కును 1983లో ఏర్పాటు చేశారు. దాదాపు 281 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో సముద్రం, దీవులు, వాటి మధ్య కాలవలు ఉంటాయి. అడుగున అద్దం బిగించిన పడవలోంచి చూస్తే పగడాలు రాళ్ళలా కనిపిస్తాయి గానీ అవి జంతువులు. ఒక్కో పగడం లోపల కంటికి కనపడని నాచు కాపురముంటుంది. ఎండ సాయంతో అది వండిన ఆహారంలో ఎక్కువ భాగం పగడానికి పోతుంది, పగడం దానికి ఇల్లిస్తుంది. సముద్రం మామూలుకన్నా ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ కాపురం చెడుతుంది. నాచు వెళ్ళిపోతుంది, పగడం తెల్లబడుతుంది. నీళ్ళు త్వరగా చల్లబడితే మళ్ళీ కోలుకుంటుంది, లేకపోతే చచ్చిపోతుంది. 2010 వేసవిలో అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున అలా తెల్లబడ్డాయి. 2016లోనూ తెల్లబడ్డాయి. ఆ సంగతి మనకి తెలిసిందంటే, ఎవరో గాలి సిలిండరు కట్టుకుని దిగి, తాడు పరచి, తాడు కింద పడ్డ ప్రతి పగడాన్నీ పలకమీద రాసుకున్నారు కాబట్టే. మా విద్యార్థిని అడిగిన "లెక్కపెట్టే ఉద్యోగం" అదే.

జాలీబాయ్‌కి పడవలు ఏడాది పొడుగునా ఉండవు. కొన్ని నెలలు జాలీబాయ్, తక్కిన నెలలు రెడ్‌స్కిన్ దీవి, ఇలా వంతులవారీగా తెరుస్తారు. మనుషుల తాకిడి నుంచి పగడాలకు కాస్త తెరిపి కావాలి కదా.

మేము తెలుగు మాస్టార్లం, సైన్సు పాఠం ఎంత చెప్పినా మా మనసు మాటల మీదికే పోతుంది. వండూర్ మడ అడవుల అంచున నిలబడి, "దీన్ని ఏమంటారు?" అని అడిగితే పిల్లలంతా ఒక్క గొంతుతో "మ్యాంగ్రోవ్స్" అన్నారు. మన గోదావరి ముఖద్వారంలో, కాకినాడ పక్కన కోరంగి దగ్గర బెస్తవాళ్ళు అన్నిటినీ ఒకే మాటతో సరిపెట్టరు. తెల్లమడ వేరు, నల్లమడ వేరు, ఉప్పుపొన్న వేరు. తిల్ల చెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని వాళ్ళకి తెలుసు. పేరు తెలిసినవాడికి ఆ చెట్టు ఎక్కడ ఉంటుందో, దేనికి పనికొస్తుందో కూడా తెలిసి ఉంటుంది.

దీనికి మన తెలుగునేలలోనే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. కడప జిల్లాలో కలివి పొదల మధ్య తిరిగే పిట్ట ఒకటుంది. రాత్రిపూటే బయటికి వస్తుంది. 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు వైద్యుడు దాని గురించి రాశాడు కాబట్టి పుస్తకాల్లో అది జెర్డాన్స్ కోర్సర్. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందని రాసేశారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ ఊరూరా బొమ్మలు చూపించి అడుగుతూ తిరిగాడు. 1986 జనవరిలో ఐతన్న అనే స్థానిక వేటగాడు ఆ పిట్టని పట్టి చూపించాడు. శాస్త్రజ్ఞులు పోయిందనుకున్న ఆ పిట్ట ఊరివాళ్ళకి కలివికోడి! ఎక్కడ వెతకాలో పేరులోనే ఉంది. ఆ తర్వాతే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. డిగ్రీ ఉన్నవాడు ఒకడు, అడవి తెలిసినవాడు ఒకడు, ఇద్దరూ కలిస్తే తప్ప ఆ పని అయ్యేది కాదు. ఈ సంగతి చెప్పినప్పుడు మా పిల్లల్లో కడప అబ్బాయి ఒకడు, "మా అమ్మమ్మ వాళ్ళది సిద్దవటం సార్, మాకెవరూ చెప్పలేదు" అన్నాడు. బదిలీల్లో తిరిగే మన పిల్లలకి సొంతూరి సంగతులు వండూర్‌లో తెలియడం మాకు కొత్తేమీ కాదు.

బదిలీ అంటే గుర్తొచ్చింది. ఈ దీవుల్లో జంతువుల్లో కూడా మన బాపతు వాళ్ళున్నారు. రాస్ దీవిలో అందరూ పక్కన నిలబడి ఫొటోలు దిగే చుక్కల దుప్పులు ఇక్కడివి కావు. బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలారు. పులి లేదు, చిరుత లేదు, తిన్నంత తిండి. అడవిలో మొలకెత్తే చెట్ల పిల్లల్ని మేసేస్తుంటే అడవి ముసలిదవుతోంది గానీ కొత్త చెట్లు రావడం లేదు. దీనికి పూర్తి వ్యతిరేకం నార్కొండం హార్న్‌బిల్. దాదాపు ఏడు చదరపు కిలోమీటర్ల నార్కొండం దీవి తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అది సహజంగా ఉండదు. ఆ దీవికి ఏమైనా అయితే దానికి ఇంకో పోస్టింగు లేదు.

ఇంకా ఆశ్చర్యమైన కథ బోదురుకప్పది. మన ఊళ్ళలో వానొస్తే పసుప్పచ్చగా మారి బెకబెకలాడే ఆ పెద్ద కప్పే. మన దగ్గర అది మన కప్ప. అండమాన్‌లో మాత్రం ఈ ఇరవై పాతికేళ్ళలో, పెంపకానికి తెచ్చిన చేపపిల్లల్లో కలిసిపోయి చెరువుల్లోకి చేరింది. దాని తోకకప్పలు ఇక్కడి కప్పల తోకకప్పల్ని తినేస్తాయి. ఏ ఊరికి ఎప్పుడు వచ్చింది? ఎవరూ రాసి పెట్టలేదు. అందుకని పరిశోధకులు ఊరూరా తిరిగి రైతుల్ని, చేపల చెరువుల వాళ్ళని అడిగారు. "ఈ కప్పని మొదటిసారి ఎప్పుడు చూశారు?" ఆ జవాబులు పేర్చితే కప్ప ప్రయాణం మ్యాపు మీద కనిపించింది. ఈ దీవుల్లో బెంగాలీ, హిందీ, తమిళం, తెలుగు, నికోబారీ మాట్లాడేవాళ్ళు పక్కపక్కనే ఉంటారు. అలాంటి చోట మనుషుల్ని వాళ్ళ భాషలో పలకరించడం వచ్చినవాళ్ళకి విలువెంతో ఊహించండి. నాలుగు రాష్ట్రాల్లో చదివి నాలుగు భాషలు నాలుక చివర పెట్టుకున్న మీకు ఆ పెట్టుబడి ఇప్పటికే ఉంది.

ఇలాంటి పనులకి ఆధారం ఉత్తర వండూర్‌లో ఉన్న ఒక చిన్న క్షేత్ర కేంద్రం. అండమాన్ అండ్ నికోబార్ ఎన్విరాన్‌మెంట్ టీమ్, అందరూ ఆనెట్ అంటారు. మద్రాస్ క్రొకడైల్ బ్యాంక్ ట్రస్టు వాళ్ళు మొదలుపెట్టారు. దేశం నలుమూలల నుంచీ విద్యార్థులు ఇక్కడ దిగి కప్పలు, పాములు, పగడాలు, తాబేళ్ళ మీద పనిచేస్తారు. ఆ ట్రస్టు వాళ్ళతో కలిసి పనిచేసిన సతీశ్ భాస్కర్ గురించి మీరు తప్పక తెలుసుకోవాలి. మద్రాసు ఐఐటీలో ఇంజనీరింగ్ మధ్యలో వదిలేసి సముద్రపు తాబేళ్ళ వెంట పడ్డాడు. మన దేశపు తీరాన్ని వేల కిలోమీటర్లు నడిచి, తాబేళ్ళు ఎక్కడెక్కడ గుడ్లు పెడతాయో రాశాడు. గ్రేట్ నికోబార్‌లో లెదర్‌బ్యాక్ తాబేళ్ళు గుడ్లు పెట్టే చోట్ల గురించి మనకి మొదట తెలిసింది ఆయన వల్లే. 1982లో లక్షద్వీప్‌లోని సుహేలీ దీవిలో వర్షాకాలమంతా ఒంటరిగా ఉన్నప్పుడు భార్యకి ఉత్తరం రాసి సీసాలో పెట్టి సముద్రంలో విసిరాడు. అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికింది. ఆయన దాన్ని పోస్టు చేస్తే ఆమెకి చేరింది కూడా! ఐఐటీ వదిలేయమని మేము చెప్పడం లేదు, తల్లిదండ్రులు కంగారు పడకండి. ఆయన కాలంలో ఈ చదువుకి దారే లేదు. ఇప్పుడుంది.

ఆ దారి ఎలా ఉందో చూద్దాం. పదకొండు, పన్నెండులో జీవశాస్త్రం ఉంటే మంచిది. లెక్కలు కూడా ఉంటే ఇంకా మంచిది. ఎకాలజీలో సగం గణాంక శాస్త్రమే. వంద చదరపు మీటర్లలో చూసినదాన్ని బట్టి అడవంతటి గురించి చెప్పాలంటే లెక్క రావాలి. పన్నెండు తర్వాత వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, పర్యావరణ శాస్త్రాల్లో బీఎస్సీ చేయొచ్చు. కేంద్ర విశ్వవిద్యాలయాలకి సీయూఈటీ రాయాలి. తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ళ బీఎస్-ఎంఎస్‌కి ప్రవేశ పరీక్ష వేరుగా ఉంటుంది. అడవుల మీద ఇష్టముంటే సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో ఫారెస్ట్రీ చదవొచ్చు. చేపలంటే ఇష్టమైతే నెల్లూరు జిల్లా ముత్తుకూరులో మత్స్య కళాశాల ఉంది. డిగ్రీ స్థాయిలోనే ఎకాలజీ అనే పేరు కనిపించాలని పట్టుపట్టకండి. పునాది గట్టిగా పడటం ముఖ్యం.

అసలు ప్రత్యేకత ఎంఎస్సీలో మొదలవుతుంది. డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియాలో వన్యప్రాణి శాస్త్రం, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వన్యప్రాణి జీవశాస్త్రం, పాండిచ్చేరి విశ్వవిద్యాలయంలో ఎకాలజీ ఉన్నాయి. ఆ విశ్వవిద్యాలయానికే పోర్ట్ బ్లెయిర్ బ్రూక్షాబాద్‌లో సముద్ర జీవశాస్త్ర విభాగం ఉంది. అంటే మనం పిక్నిక్‌కి వెళ్ళే సముద్రమే వాళ్ళకి తరగతి గది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సముద్ర జీవ వనరుల విభాగం ఉంది. వీటిలో కొన్ని చోట్ల సీట్లు చాలా తక్కువ, ఇంటర్వ్యూలో "ఏ అడవిలో ఏం చూశావు?" అని అడుగుతారు. గైడు బట్టీపట్టి వెళితే అక్కడే దొరికిపోతాం.

ఇక ఉద్యోగాలు. యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసుకి వృక్ష, జంతు, భూగర్భ, రసాయన, భౌతిక శాస్త్రాలు, గణితం, వ్యవసాయం, ఇంజనీరింగ్ వంటి డిగ్రీల్లో ఏదో ఒకటి ఉండాలి. రాష్ట్రాల్లో రేంజి ఆఫీసరు పోస్టులుంటాయి. జువలాజికల్ సర్వే, బొటానికల్ సర్వే రెండిటికీ పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. హైదరాబాద్ అత్తాపూర్‌లో సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్ ప్రయోగశాల ఉంది. జంతువు రెట్ట, వెంట్రుక చూసి డీఎన్ఏతో అది ఏ జాతిదో చెప్పే పని అక్కడ జరుగుతుంది. అడవిలో నడిచే మోకాళ్ళు లేనివాళ్ళకి ఇదొక మంచి మార్గం.

2006 నోటిఫికేషన్ ప్రకారం గనికీ, ఓడరేవుకీ, పెద్ద రోడ్డుకీ ముందుగా పర్యావరణ ప్రభావ అంచనా నివేదిక కావాలి. ఆ నివేదిక రాసే బృందంలో ఎకాలజీ, జీవవైవిధ్యం తెలిసిన నిపుణులు తప్పనిసరి. ఈ పనిలో జీతం బాగుంటుంది, ఒత్తిడి కూడా ఉంటుంది. మూడు నెలల్లో నివేదిక కావాలంటారు, వానాకాలం చూడకుండా అక్కడ ఏ కప్పలున్నాయో ఎలా చెబుతాం? నిజాయితీగా రాసేవాళ్ళు ఈ ఉద్యోగంలో ఎక్కువమంది ఉంటే దేశానికే మేలు. 2002 జీవవైవిధ్య చట్టం ప్రతి స్థానిక సంస్థలో ఒక కమిటీ ఉండాలనీ, ఊరి మొక్కలు, జంతువులు, వాటి వాడుకల గురించి ప్రజా జీవవైవిధ్య పట్టిక రాయాలనీ చెబుతుంది. అది రాయడానికి ఊరి భాష తెలిసిన జీవశాస్త్రం వాళ్ళు కావాలి. తెల్లమడ, నల్లమడ తేడా వాళ్ళకే తెలుస్తుంది. న్యాయశాస్త్రం చదివి ఈ చట్టాల మీద పనిచేసేవాళ్ళు, మ్యాపులు గీసేవాళ్ళు, పత్రికలకి రాసేవాళ్ళు కూడా ఈ రంగంలో ఉన్నారు.

కష్టం కూడా చెప్పకపోతే మళ్ళీ పాత తప్పే చేసినట్టు. ఎంఎస్సీ తర్వాత మొదటి ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉద్యోగాలు. ఏడాదో రెండేళ్ళో ఉండి ముగిసిపోతాయి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే నెలకు 37,000 రూపాయలు, కొన్ని చోట్ల ఇంటి అద్దె భత్యం అదనం. రాకపోతే అంతకన్నా తక్కువతో నెట్టుకు రావాలి. స్నేహితుడు సాఫ్ట్‌వేర్‌లో కారు కొన్న ఏడాది మీరు జలగలు పీకుకుంటూ ఉంటారు. పీహెచ్‌డీ అయ్యేసరికి ముప్ఫై దగ్గరపడుతుంది. ఇంటికి వెంటనే సంపాదన కావలసిన పిల్లలు ఈ లెక్క ముందే వేసుకోవాలి. వాళ్ళకి ఫారెస్ట్రీ, ఫిషరీస్ డిగ్రీలు, రేంజి ఆఫీసరు పరీక్షలు త్వరగా అందే దారులు.

ఈ సంగతులన్నీ ఒక కాగితం మీద రాసి ఆ అమ్మాయికి ఇచ్చాం. వాళ్ళమ్మగారు బడికి వచ్చి మాతో గంట మాట్లాడారు. "ఆడపిల్ల సార్, అడవుల్లో ఒక్కతే ఎలా?" అన్నారు. అది ప్రతి తల్లీ అడిగే ప్రశ్నే, కొట్టిపారేయలేం. క్షేత్రంలోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళరనీ, స్థానిక సహాయకులతో కలిసే పనిచేస్తారనీ, ఆనెట్ వంటి చోట్ల ఆడపిల్లలు ఎంతోమంది పనిచేశారనీ చెప్పాం. ఆవిడకి పూర్తిగా నమ్మకం కుదిరినట్టు లేదు. చివరికి నీట్‌తో పాటు సీయూఈటీ, ఐసర్ ఫారాలు కూడా నింపడానికి ఒప్పుకున్నారు. విజయవాడ హాస్టల్ సంగతి ఫలితాలు వచ్చాక చూద్దామన్నారు.

మిగతా మీరంతా చిన్నవాళ్ళు, ఫారాలకి ఇంకా టైముంది. ఒక నోటుబుక్కు పెట్టుకోండి. మీ క్వార్టర్స్ కిటికీలోంచి కనిపించే ఒక్క చెట్టు చాలు. ఎప్పుడు ఆకు రాల్చింది, ఎప్పుడు పూసింది, దాని మీద ఎవరు వాలారు, తారీఖు వేసి రాయండి. పేరు తెలియకపోతే బొమ్మ గీయండి, ఇంట్లో పెద్దవాళ్ళని మన భాషలో ఏమంటారో అడగండి. నాన్నకి బదిలీ అయితే పుస్తకం వెంట తీసుకెళ్ళి కొత్త ఊళ్ళో అదే నెలలో ఏం పూసిందో పక్కన రాయండి. ఒకే ఊళ్ళో పుట్టి పెరిగిన పిల్లలెవరి దగ్గరా అలాంటి పుస్తకం ఉండదు. సముద్రం ఒడ్డున గవ్వలు, పగడపు ముక్కలు ఏరి జేబులో వేసుకోవద్దు. పగడాలు వన్యప్రాణి చట్టం కింద రక్షణ ఉన్నవి, నోటుబుక్కులో బొమ్మ చాలు. వండూర్ బీచిలో మొసళ్ళ హెచ్చరిక బోర్డు దాటి నీళ్ళలోకి దిగి మరీ ఎకాలజీ చదవవద్దు.

తిరుగు ప్రయాణంలో బస్సు మళ్ళీ సిప్పీఘాట్ దగ్గర ఆగింది. ఆ అమ్మాయి కిటికీ పక్కన కూర్చుని లెక్క రాసింది. మాకు చూపించిన పేజీలో తారీఖు, సాయంత్రం 4.20, పాటు సమయం అని ఉంది. దాని కింద తెల్లకొంగలు 14, లకుముకి 1, పేరు తెలియనివి 3. ఆ మూడింటి పేర్లు మేమూ ఇంకా వెతుకుతున్నాం.